కొంగు ముడిలో సుద్దముక్క

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున్న పొయ్యి మీద పాలు పెట్టి, కాగేలోపు కుర్చీలో కూర్చుందట. అలాగే తల వాల్చేసిందట. ఆ కబురు తెచ్చింది పైడమ్మ, ఆ అంగన్‌వాడీలోనే ఆయా. నేనప్పుడు అరుగు మీద పత్తి ఏకుతున్నాను. పొందూరు సన్ననూలు వడికే మా ఆడవాళ్లం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తాం. ఆ ఎముక నా చేతిలోనే ఉండిపోయింది.

"అత్తా, టీచరమ్మ మరి నేదే" అంది పైడమ్మ గుమ్మం పట్టుకుని.

"ఏటే ఆ మాట? నిన్న సందేళ కూడా సూసినాను కదే!"

"నానూ సూసినాను. నిన్న ఉన్నాది. ఈవేళ నేదు."

నాకు మొదట ఏం తోచిందో చెబితే మీరు నవ్వుతారు. పొయ్యి మీది పాలు ఎవరైనా దింపారా అని అడిగాను. నా బుద్ధి అంతే. ఎక్కడ ఏం మాడిపోతోందో, ఎవరు ఎక్కడ జారి పడతారో, పొద్దున లేచింది మొదలు నాకు అదే ధ్యాస. పైడమ్మకి నా సంగతి తెలుసు కాబట్టి కోప్పడలేదు. "కోడలు దింపిందట అత్తా" అని చెప్పి, అప్పుడు ఏడ్చింది.

నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఇంత పెద్ద కాగితం ఎప్పుడూ రాయలేదు. ఏ అక్షరం తప్పిపోతుందోనని మనవరాలు చిట్టిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అది ఇప్పుడు మూడో తరగతి. ఈ రాసేదంతా దాని కాళ్ల గురించే. అందులోనే టీచరమ్మ గురించి.

ఆమెది చర్చి వీధి. సన్నగా, పొట్టిగా ఉండేది. కళ్లజోడు మెళ్లో వేలాడేలా తాడు కట్టుకునేది. ఆ తాడు నేను వడికి పేనిచ్చిన నూలే. అందరం కొంగు చివర చిల్లర కట్టుకుంటాం, ఆమె సుద్దముక్క కట్టుకునేది. ఆ ముడి దగ్గర చీర ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేది. కుర్చీ ఉన్నా నేల మీదే కూర్చునేది. "పిల్లల ముకాలు కింద ఉన్నాయి, నాను మీద కూకుంటే నాకు కనపడేది వాళ్ల నడినెత్తులే" అనేది.

ఆమెకి ఇంకో అలవాటు ఉండేది. దాన్ని చూసి ఊరంతా నవ్వుకునేవాళ్లం. పసిపిల్లని ఎత్తుకునే ముందు ఆ పిల్లనే అడిగేది. రెండు చేతులూ చాపి, "ఎత్తుకోనా అమ్మా?" అని అడిగి, ఊరికే ఆగేది.

"ఏటి టీచరమ్మా, ఆర్నెల్ల గుంట నీకు అర్జీ పెడతాదా?" అన్నాను ఒకసారి.

"పెడతాది అప్పా, సూడు. ఒళ్లు నా వైపు వంచినాదంటే సరే అన్నట్టు. ముకం తిప్పుకున్నాదంటే ఇప్పుడొద్దు అన్నట్టు. అది సెప్పేదాకా నాను ఆగాల. కట్టమంతా ఆ ఆగడంలోనే."

నన్ను అప్పా అనే పిలిచేది, అంటే అక్కా అని. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. ముందు నేను పోతాననీ, నా పాడె వెనక ఆమె నడుస్తుందనీ అనుకుంటూ ఉండేదాన్ని. అది కూడా తప్పు లెక్కే అయింది.

చిట్టి నెలలు నిండకుండా పుట్టింది. పెద్దాసుపత్రిలో గాజు పెట్టెలో కొన్నాళ్లుంచారు. ఇంటికి పంపుతూ నర్సమ్మ దాన్ని నా చేతుల్లో పెట్టి "జాగ్రత్త మామ్మా" అంది. ఎన్నాళ్లు జాగ్రత్తో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మా అబ్బాయి విశాఖలో వెల్డింగు పని చేసి వారానికోసారి వస్తాడు. కోడలు శ్రీకాకుళంలో బట్టల కొట్టులో పని, పొద్దున బస్సుకి పోతే దీపాల వేళకి వస్తుంది. పిల్లా నేనూ. నేల మీద పెడితే చీమలు, వీధిలో కుక్కలు, పెరట్లో నుయ్యి, గుమ్మంలో గడప. ఎటు చూసినా ప్రమాదమే కనబడేది. చంక దింపేదాన్ని కాదు. అన్నం కూడా దాన్ని చంకనేసుకునే వండేదాన్ని. రాట్నం అటక మీదకి ఎక్కించేశాను. నలభై ఏళ్లు వడికిన చేతులు వడకడం మానేశాయి.

అంగన్‌వాడీ గోడ మీద ఒక బొమ్మల కాగితం ఉండేది. బిడ్డ తల నిలిపే బొమ్మ, కూర్చునే బొమ్మ, పట్టుకుని నిలబడే బొమ్మ, నడిచే బొమ్మ. ఒక్కోదాని కింద ఎన్నో నెలకో రాసి ఉండేది. గుడ్డు కోసం, పాల కోసం అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఆ నడిచే బొమ్మ నన్నే చూస్తున్నట్టుండేది. చిట్టికి ఆ నెల దాటింది. ఇంకా రెండు నెలలు దాటాయి, మూడు దాటాయి. నూనె మర్దన చేశాను. తాయెత్తు కట్టించాను. కాలిలో ఏదో లోపం ఉందని నాకు లోపల రూఢి అయిపోయింది. అయినా పైకి ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

ఒకరోజు సూపర్‌వైజర్ మేడమ్ వచ్చింది. టీచరమ్మ ఫోనులో ఒక్కో పిల్ల పేరూ చూసుకుంటూ, అవునో కాదో నొక్కమంటూ అడుగుతోంది. చిట్టి వంతు వచ్చింది.

"పాప నడుస్తోందా?"

నా నోరు నా మాట వినలేదు. "నడుస్తాది మేడమ్! ఇంటికాడ పరిగెడతాది. ఇక్కడ నలుగురినీ సూసి సిగ్గు" అనేశాను.

టీచరమ్మ తలెత్తి నన్ను చూసింది. మేడమ్‌తో మెల్లగా, "నేను ఇంకా చూడలేదు మేడమ్. చూశాక నొక్కుతాను" అంది. అంతే. నా పరువు తియ్యలేదు. మేడమ్ వెళ్లాక మాత్రం నా పక్కకి వచ్చి కూర్చుంది.

"నాకు అబద్దం సెప్పు అప్పా, ఏటీ కాదు. ఆ ఫోనుకి సెప్తే దెబ్బ గుంటకి తగులుతాది. నడుస్తాదని నొక్కేస్తే మరింక డాక్టరు ఎందుకు సూస్తాడు?"

"నడవదని రాస్తే పేరు పడిపోదా టీచరమ్మా? రేపు బళ్లోన, ఎల్లుండి పెళ్లికాడ, కాళ్లు నేని గుంట అంటే..."

"నడవదని నానెందుకు రాస్తాను? నాను సూసింది రాస్తాను. ఈవేళ సంక దిగనేదు అని రాస్తాను. అదే కదా నిజం?"

ఆమె దగ్గర సొంత నోటు పుస్తకం ఒకటి ఉండేది. ఒక్కో పిల్లకి కొన్ని కాగితాలు. చిట్టి కాగితం తీసి నా చేతే చదివించింది. నేను కూడబలుక్కుని చదివాను. "ఈ రోజు చిట్టి చంక దిగలేదు. కాకిని వేలితో చూపించింది. గుడ్డు రెండు చేతులు మార్చి పట్టుకుంది. పేరు పిలిస్తే తిరిగి నవ్వింది." అలాంటివే ఎన్నో. కాకి సంగతి నాకు గుర్తే లేదు. దాన్ని చంకలో పెట్టుకుని తిరిగిన నాకు దాని కాళ్లు తప్ప ఇంకేం కనబడలేదు. ఎవరో పరాయి మనిషి దాని నవ్వు, దాని వేలు, దాని చేతులు కూడా చూసి రాసి పెట్టుకుంది.

మర్నాడే మమ్మల్ని ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు చిట్టి కాళ్లు వంచి, చాపి, తుంటి తిప్పి చూశాడు. బల్ల మీద నిలబెట్టి చూశాడు. "ఎముకలు బాగున్నాయి. లోపం ఏమీ లేదు. నేల మీద వదలండి మామ్మా" అన్నాడు. అలాగే బాబూ అన్నాను. అని, గుమ్మం దాటుతూనే మళ్లీ చంకనేసుకున్నాను. ఆసుపత్రి నేల, ఏం రోగాలుంటాయో.

ఆటోలో టీచరమ్మ నా చంకలోని చిట్టి కాళ్లనే చూస్తూ కూర్చుంది. మా వీధి మలుపులో అంది: "బయం నీది అప్పా. కాళ్లు దానివి. రెండూ కలిపి మోస్తన్నావు."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. రెండు రోజులు గుడ్డు కోసం కూడా వెళ్లలేదు. మూడో రోజు ఆమే వచ్చింది మా ఇంటికి.

"అప్పా, పైనుంచి ఆర్డరు వచ్చినాది. ఊరి పనులు పిల్లలకి సూపించాలట. నీ రాట్నం తెచ్చి మా అంగన్‌వాడీలో ఒడకాల. సన్ననూలంటే నీదే కదా, ఇంకెవర్ని పిలుస్తాను?"

నాకు ఆర్డరు అంటే భయం. నా నూలు గొప్పదని ఒకరు అన్నారంటే సంతోషం. రెండూ కలిసి రాట్నాన్ని అటక దింపించాయి. దుమ్ము దులిపి, కదురుకి నూనె వేసి, పైడమ్మ చేత మోయించుకుని వెళ్లాను. కదురంటే నూలు చుట్టుకునే ఇనప పుల్ల. దాని మొన చూసి మళ్లీ గుండె జారింది.

"ఇది కంట్లో పొడుసుకుంటే ఏటి సేస్తాం టీచరమ్మా?"

ఆమె కొంగు ముడి విప్పి సుద్దముక్క తీసి, నా చుట్టూ రాట్నం చుట్టూ నేల మీద పెద్ద గుండ్రం గీసింది. "పైడమ్మా, ఈ గీత లోపలికి ఎవరు వచ్చినా నీదే పూచీ" అంది.

రాట్నం తిప్పడానికి కుడి చెయ్యి కావాలి. దువ్విన పత్తి ఏకు పట్టి నూలు తియ్యడానికి ఎడమ చెయ్యి కావాలి. ఒడిలో పిల్ల కూర్చుంటే చెయ్యి సాగదు. ఇది వడికేవాళ్లు ఎవరికైనా తెలుసు. నాకు తెలీదా? తెలుసు. కానీ పైనుంచి ఆర్డరు కదా అనుకున్నాను. చిట్టిని గీతకి అవతల, చాప మీద కూర్చోబెట్టాను. నేల తగలగానే అది గుక్క పట్టింది. నా నూలు తెగింది. అతికాను, మళ్లీ తెగింది. ఆ రోజు ఎన్నిసార్లు తెగిందో. టీచరమ్మ దాని ఎదురుగా నేల మీద కూర్చుని చేతులు చాపింది. "ఎత్తుకోనా అమ్మా?" అంది. చిట్టి ముఖం తిప్పుకుంది. ఆమె చేతులు ఒళ్లో పెట్టేసుకుని అలాగే కూర్చుంది.

"ఎత్తుకోవే తల్లీ, ఏడుస్తన్నాది!"

"ఇప్పుడొద్దన్నాది అప్పా. నువ్వు ఒడుకు."

పత్తి పోగులు ఊరికే ఉండవు. ఏకులోంచి విడిపోయిన చిన్న పింజ ఒకటి గాలికి నేల మీద దొర్లుకుంటూ పోయింది. చిట్టి ఏడుపు ఆపింది. దాన్నే చూసింది. తర్వాత పిర్రల మీద కూర్చునే, చేతులు నేలకి ఆనించి, జరిగింది. ఒక్క జానెడు. పింజ అందింది. నోట్లో పెట్టుకోబోతే నేను అరిచాను, ఈలోపు పైడమ్మ తీసేసింది. టీచరమ్మ మాత్రం ఆ పిల్ల ఎంతవరకు వచ్చిందో అక్కడ సుద్దతో ఒక చిన్న గీత గీసి, పక్కన తేదీ వేసింది. చప్పట్లు కొట్టలేదు.

అలా రోజుకో గీత. కొన్ని రోజులు గీత ముందుకి పోయేది, కొన్ని రోజులు నిన్నటి దగ్గరే ఉండేది. వెనక్కి వచ్చిన రోజు కూడా గీసేది. "ఇదేటి టీచరమ్మా, తగ్గినాది కూడా రాస్తావా?" అంటే, "రాత్రి పళ్లొస్తున్నాయేమో, నిద్ర నేదేమో. అది కూడా దాని సంగతే కదా" అనేది. పైడమ్మకి మాత్రం పెద్ద చిక్కొచ్చింది.

"నేల తుడవాలా, గీతలు కాపలా కాయాలా? ఏదో ఒకటి సెప్పండి!"

"రెండూను" అనేది టీచరమ్మ. పైడమ్మ గొణుక్కుంటూ తడిగుడ్డని గీతకి బెత్తెడు దూరంలో ఆపి, తిప్పి, అవతల నుంచి తుడుచుకొచ్చేది.

చిట్టి పాకడం మొదలెట్టింది. టీచరమ్మ భుజం పట్టుకుని నిలబడటం మొదలెట్టింది. ఆమె మెళ్లో నా నూలు తాడు లాగడం దానికి ఆట. ఒకరోజు అలా నిలబడి ఉండగా ఒక పింజ ఎగిరి పోయింది. చిట్టి భుజం వదిలేసింది. ఒక అడుగు. ఇంకొకటి. నాలుగో అడుగులో పడిపోయింది.

నేను లేచిన ఊపుకి రాట్నం పక్కకి ఒరిగింది. టీచరమ్మ నా వైపు అరచెయ్యి చూపించింది.

"ఆగు అప్పా. అది నిన్నే సూస్తన్నాది."

నిజమే. చిట్టి ఏడవలేదు. తలెత్తి నా ముఖం చూస్తోంది. ఏడవాలా, వద్దా అని నన్ను అడుగుతోంది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఇన్నాళ్లూ అది లోకాన్ని నా ముఖంలో చూసుకుందని అప్పుడు అర్థమైంది. నా ముఖంలో ఏం కనబడి ఉంటుంది దానికి? కుక్కలు, నుయ్యి, గడప. గుండె దడదడలాడుతుంటే నేను నవ్వాను. నవ్వో ఏదో, పళ్లు కనబడ్డాయి. చిట్టి కూడా నవ్వింది. చేతులు ఆనించి లేచింది.

ఆ రోజు టీచరమ్మ రెండు గీతలు గీసింది. రెండోది నేను లేచి ఆగిపోయిన చోట, నా కాలి వేళ్ల ముందు. "ఇది నీది అప్పా" అంది. నేను సిగ్గుపడి కాలితో చెరిపేయబోతే చెరపనివ్వలేదు.

గురువారం చర్చిలో ప్రార్థన పెట్టారు. ఏం తీసుకెళ్లాలో, ఎక్కడ కూర్చోవాలో, వాళ్ల పద్ధతిలో నేనేం తప్పు చేస్తానో అని తెల్లవార్లూ ఒకటే బెంగ. చివరికి నేను వడికి చుట్టిన నూలు చిలప ఒకటి పట్టుకెళ్లాను. ఆమె కూతురు దాన్ని తీసుకుని పెట్టెలో తల్లి చేతుల పక్కన పెట్టింది. తెల్లచీర కట్టారు. ఇస్త్రీ మడత చెదరని కొత్త చీర. కొంగుకి ముడి లేదు. అందరూ ముఖం చూసి ఏడుస్తున్నారు, నేను ఆ కొంగు చూసి ఏడ్చాను. సమాధుల దగ్గర చిట్టి కూడా గుప్పెడు మట్టి వేసి, జనం మధ్యలోంచి నా దగ్గరకి పరిగెత్తుకొచ్చింది. మెల్లగా, పడతావు అనబోయి ఆగాను.

తిరిగి వస్తూ పైడమ్మతో అన్నాను. "ఆ రోజు పైనుంచి ఆ ఆర్డరు రాకపోతే నా గుంట ఏమైపోవునో."

పైడమ్మ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది.

"ఏ ఆర్డరు అత్తా?"

"రాట్నం తెమ్మన్న ఆర్డరే."

"ఓలమ్మా! పైనుంచీ నేదు, కిందనుంచీ నేదు. ఆ ముందు రోజు నా పక్కన కూకుని గుడ్లు ఒలుస్తా, ఆ అప్ప రెండు సేతులకీ ఒకేపాలి పనుండేది ఏటుంది పైడమ్మా అని అడిగినాది. రాట్నం అని నానే సెప్పినాను."

ఇన్నేళ్లూ నాకు తెలియనివ్వలేదు. ఆమె చిట్టిని దింపమని నాతో ఒక్కసారి కూడా అనలేదు. నా చేతులకి పని చూపించింది, పిల్ల తనంతట తానే దిగింది. ఆమె పుస్తకంలో చిట్టి కాగితాల మధ్య ఎక్కడో నా గురించి కూడా ఒక మాట రాసే ఉంటుంది. ఏం రాసిందో చూడాలని ఉంది. చూడాలంటే భయంగానూ ఉంది.

నిన్న సోమవారం అంగన్‌వాడీ తెరిచారు. పక్క ఊరి టీచరు కొన్నాళ్లు రెండూ చూసుకుంటుందట. చిన్నపిల్ల, మంచిదే. పైడమ్మ రమ్మంటే రాట్నం పట్టుకుని వెళ్లాను. నేల మీద ఒక గీత ఉంది. టీచరమ్మ పోవడానికి ముందు రోజు గీసినది, పక్కన తేదీ. మగ్గం నేసేవాళ్ల మనవరాలు ఇప్పుడిప్పుడే పాకుతోంది, దానిది.

"ఇది ఏం గీత? తుడవలేదేం?" అంది కొత్త టీచరు.

"అది తుడవకూడదండీ" అంది పైడమ్మ. అని, ఆగకుండా అంతా చెప్పింది. ఆ అమ్మాయి విని, చెప్పులు బయట విడిచి వచ్చి నేల మీద కూర్చుంది.

నేను గుండ్రం లేకుండానే ఒక మూల కూర్చుని వడుకుతున్నాను. పింజ ఒకటి పోయింది. ఆ పిల్ల దాని వెంట పాకింది. గీత దాటింది. ఇంకో బెత్తెడు పోయి ఆగి, మా అందరి ముఖాలూ చూసింది. గీసే మనిషి లేదు. పైడమ్మ నన్ను చూసింది, నేను పైడమ్మని చూశాను. కిటికీ గట్టు మీద సుద్దముక్క ఉంది, అరిగి చిటికెన వేలి గోరంత. తీసుకున్నాను. వంగితే మోకాలు పట్టేసింది. గీత వంకర వచ్చింది. పిల్ల చెయ్యి ఆనించిన చోటే గీశానా, కాస్త ముందు గీశానా అని ఇప్పటికీ అనుమానమే. తేదీ కొత్త టీచరు వేసింది.

సాయంత్రం పైడమ్మ నేల తుడుస్తూ వచ్చింది. గీత దగ్గరికి వచ్చేసరికి గొణుగుడు ఆపింది. తడిగుడ్డని బెత్తెడు దూరంలో నిలిపి, తిప్పి, అవతల నుంచి తుడిచింది. చుట్టూ నేల తడిసి నల్లగా మెరుస్తోంది. మధ్యలో నా వంకర గీత పొడిగా, తెల్లగా ఉంది.